బెల్టు కింద పెట్టని గోనె సంచి

మా తోడల్లుడి మీద నాకున్న ఏడుపు ఈనాటిది కాదు. తోడల్లుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. మా దిక్కు సడ్డకుడు అంటాం. హనుమకొండలో, సుబేదారిలో ఉంటాడు. ఆఫీసు ఉద్యోగం, మడత నలగని చొక్కా, గొంతు పెంచకుండా మాట్లాడే తీరు. నన్ను ‘అన్నా’ అని తప్ప పిలవడు. అతని పెళ్ళైన ఈ పన్నెండేళ్ళలో నాకు ఒక్కసారైనా ఎదురు చెప్పిన పాపాన పోలేదు. అట్లాంటి మనిషిని తిట్టుకుందామన్నా సందు దొరకదు. అందుకే నా కడుపుమంట చల్లారే దారి లేకుండా పోయింది.

నేను ట్రాక్టర్ నడుపుతాను. బండి సొంతమే. దున్నే రోజుల్లో దున్నుతాను, మిగతా రోజుల్లో ట్రాలీ తగిలించి లోడ్లు తోలుతాను. వరిగడ్డి, పత్తి, మిర్చి బస్తాలు, పెళ్ళి సామాను, ఏది పడితే అది. నెక్కొండ చుట్టుపక్కల ఊళ్ళలో లోడు కట్టడంలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఇంటంత ఎత్తు గడ్డి వేసి, పైనుంచి మోకు విసిరి, ట్రాలీ కొక్కేలకు బిగించి, కర్ర పెట్టి మెలితిప్పానంటే గుంతల రోడ్డు మీద కూడా ఒక్క పోచ రాలదు. పదో తరగతి తప్పినవాడిని. గర్వపడటానికి నా దగ్గర ఉన్నది ఆ ఒక్క విద్యే.

నాకు తండ్రి మొహం గుర్తు లేదు. పెళ్ళైన కొత్తలో మా మామ నన్ను తన మిరప చేనుకు తీసుకుపోయి, ఏ మడికి నీళ్ళు ఎటు నుంచి పారతాయో, ఏ మూల చౌడు ఉందో చూపించాడు. అల్లుడికి చూపించినట్టు కాదు, ఇంటి మనిషికి చూపించినట్టు చూపించాడు. తండ్రి ఉంటే ఇట్లాగే ఉండేదేమో అనిపించింది. మామకు కొడుకులు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. చిన్నల్లుడు వచ్చేదాకా ఏడేళ్ళు ఆ ఇంటికి నేనొక్కడినే అల్లుడిని. ఆ ఏడేళ్ళు నా జీవితంలో రాజభోగం.

చిన్నల్లుడు వచ్చాక ఏమీ మారలేదని నా భార్య అంటుంది. ఆమెకు కనబడదు. బోరు మోటారు కాలిపోతే మామ నా ఎదురుగానే ఫోను తీసి, “ఆగు, చిన్నల్లుణ్ణి అడుగుత” అనేవాడు. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునేవాడికి మోటారు సంగతి ఏం తెలుసు? అతను ఇంకో ఫోనులో ఏదో చూసి చెప్పేవాడు. అది తప్పయితే నాకు అన్నం సయించేది. తప్పయ్యేది కాదు. కూరలో మంచి ముక్కలు ముందు నా పళ్ళెంలోనే పడేవి, నిజమే. కాని అత్త అవి వేస్తూ, “చిన్నల్లుడు కారం తినడు, ఆయనకు వేరే వండిన” అనేది. వేరే వండించుకున్నవాడు గొప్పా, ముందు వడ్డించుకున్నవాడు గొప్పా? ఇట్లాంటి లెక్కల్లో పడి నేను చాలా భోజనాలు పాడు చేసుకున్నాను.

రెండేళ్ళ కింద మామ చేను ఒడ్డు మీద జారి పడ్డాడు. మోకాలు దెబ్బతింది. దవాఖానలో నయం చేశారు గాని, దూరం నడవొద్దన్నారు, ఒడ్లెక్కి దిగొద్దన్నారు. మామకు చేను చూడకపోతే పొద్దు గడవదు. ఇంట్లో మంచం మీద కూర్చుని, కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళను ఒక్కొక్కరిని ఆపి, “ఆకు ముడుత వచ్చిందా? పూత నిలబడ్డదా?” అని అడిగేవాడు. వాళ్ళు చెప్పింది నమ్మేవాడు కాదు. సగం తిని చెయ్యి కడిగేసేవాడు. మనిషి ఎండిపోతున్నాడని అత్త నా దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంది.

అప్పుడు నేను ఒక పని మొదలుపెట్టాను. మా ఊరు మామ ఊరికి నాలుగు కిలోమీటర్లు. వారంలో మూడు రోజులు పొద్దున్నే ట్రాక్టర్ తీసుకుని వెళ్ళేవాడిని. మామ కాలు నా చేతులతో ఎత్తి మెట్టు మీద పెట్టి, నడుము పట్టి పైకి లేపి, నా పక్కన మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకునేవాడిని. చేను చుట్టూ తిప్పేవాడిని. ఇంజన్ చప్పుడులో మాటలు వినబడవు. మామ కుదుపులకు పడిపోకుండా నా భుజం గట్టిగా పట్టుకునేవాడు. ఆ చెయ్యి బరువు నాకెంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. చిన్నల్లుడికి కారు ఉండొచ్చు, కారు ఒడ్డు మీదికి రాదు కదా అని మనసులో మురిసిపోయేవాడిని.

మొన్నటి మిరపకాయలు ఏరే కాలంలో మామ మోకాలు చూపించుకోవడానికి హనుమకొండ పోయి, సుబేదారిలో చిన్నల్లుడి ఇంట్లో నాలుగు రోజులు ఉన్నాడు. నాలుగో రోజు నాకు తోడల్లుడి నుంచి ఫోను వచ్చింది.

“అన్నా, మామ కోసం ఒక బండి కొన్న. ధర్మసాగర్ కాడ ఆటల పార్కు ఉండె గదా, అది బందు పెట్టి బండ్లన్ని అమ్ముతాండ్రు. నాలుగు గీరల మోటర్ సైకిల్ అన్నట్టు, లావు లావు టైర్లుంటయి. అంత చేతులతోనే నడుపుడు, కాలు మీద భారం పడది. ఒడ్ల మీద, బురదల సుత పోతది. ఇగ మామ ఎవ్వల మీద ఆధారపడకుండ చేన్లకు పోవచ్చు. నువ్వు రేపు మిర్చి లోడు తీస్కొని వరంగల్ వస్తానవ్ గదా, అటు దిక్కు వచ్చి జర ఊరికి తోల్కపోతవా?”

‘ఎవ్వల మీద ఆధారపడకుండ’ అన్నాడు చూడండి, ఆ ఎవరో ఊళ్ళో ఇంకెవరూ కాదు, నేనే. అతను నన్ను ఉద్దేశించి అనలేదు, అంత దూరం అతని బుర్ర పోదు. అయినా ఒళ్ళు మండింది. ‘సరే తమ్మీ’ అని పెట్టేశాను.

నా భార్య సంబరపడిపోయింది. “ఎంత ఆలోచన చేసిండో సూడు. మనకు తట్టిందా గీ ముచ్చట?” అంది. తరవాత నా మొహం చూసి, “నీకేమైంది, గట్లున్నవ్?” అని అడిగింది. పొద్దున్నుంచి కడుపులో మంటగా ఉందన్నాను. మజ్జిగ తాగమంది.

మర్నాడు బస్తాలు మార్కెట్లో దించేసి ఖాళీ ట్రాలీతో ధర్మసాగర్ చేరేసరికి పదిన్నర. మామ అప్పటికే అక్కడున్నాడు. కారు రిపేరులో ఉందని చిన్నల్లుడు తన మోటర్ సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఎర్రటి బండి, గుర్రం మీద కూర్చున్నట్టు రెండు కాళ్ళూ చెరో పక్క వేసి కూర్చోవాలి. ఏటీవీ అంటారట. మామ దాని చుట్టూ కుంటుకుంటూ తిరుగుతున్నాడు, తాకుతున్నాడు, టైరు గిచ్చి చూస్తున్నాడు. మామ మొహంలో అంత వెలుగు నేను రెండేళ్ళుగా చూడలేదు. ట్రాక్టర్ మీద తిప్పిన రోజుల్లో కూడా చూడలేదు. అది నాకు సూదిలా గుచ్చుకుంది.

అక్కడున్న మట్టి గడ్డకు ట్రాలీ వెనక భాగం ఆనించాను. గడ్డి లోడ్లకు అడ్డమని ట్రాలీ వెనక తలుపు ఎప్పుడో ఊడదీసి ఇంటి దగ్గర పడేశాను, కాబట్టి వెనక అంతా ఖాళీ. ఎక్కించడానికి తిప్పలు పడతాడు, నన్ను పిలుస్తాడు అనుకున్నాను. అతను బండి మీద కూర్చుని, మెల్లగా గడ్డ మీద నుంచి నేరుగా ట్రాలీలోకి తెచ్చి నిలబెట్టాడు. మామ చప్పట్లు కొట్టాడు.

ఇక కట్టడం నా పని. మోకు తీసి, పత్తి లోడు మీద వేసినట్టే సీటు మీదుగా విసిరాను. అటు కొక్కేనికి తగిలించబోతుంటే అతను మెల్లగా దగ్గరికి వచ్చాడు.

“అన్నా, ఒక్క మాట చెప్త, ఏమనుకోవు గదా. దీనికి గీరల కాడ స్ప్రింగులున్నయి. సీటు మీదికెల్లి మోకేస్తే, బండి కుదిపినప్పుడల్ల స్ప్రింగు కిందికి పోతది, మోకు వదులైతది. నాలుగు మూలలకెల్లి కిందికి గుంజి, స్ప్రింగు సగం అణిగేదాక బిగియ్యాలెనట. గేర్ల పెట్టి, చేతి బ్రేకు ఏసి ఉంచాలెనట. నేను వీడియోల చూసిన. బెల్టులు సుత తెచ్చిన.”

సంచిలోంచి నాలుగు బెల్టులు తీశాడు. నవారు పట్టీల్లాగా మూడు వేళ్ళ వెడల్పు, కొసలకు కొక్కేలు, మధ్యలో ఇనుప పళ్ళ బిగింపు. దాని పిడి అటూ ఇటూ ఆడిస్తే కటకటమని బిగుసుకుంటుంది.

అతను చెప్పింది నిజమని నాకు వెంటనే అర్థమైంది. పత్తి అణిగితే అణిగే ఉంటుంది, ఈ బండి అణిగి మళ్ళీ లేస్తుంది. మోకు నిలవదు. ముప్పై ఏళ్ళు లోడ్లు కట్టినవాడికి ఇది ఇంకొకరు చెప్పేదాకా తోచలేదంటే ఎట్లా ఉంటుంది? ఒప్పుకునే బదులు గొంతు లేపాను.

“ముప్పై ఏండ్ల సంది కడ్తాన. నాకు నేర్పుతానవా?”

అతను తల దించుకున్నాడు. మధ్యలోకి మామ వచ్చాడు.

“ఆయన చూసిండట గదా. ఆయనను కట్టనియ్యి అల్లుడా. నువ్వు జర పక్కకుండు.”

పక్కకుండమన్నాడు. లోడు కట్టేచోట నన్ను పక్కకుండమన్న మొదటి మనిషి మా మామ. మోకు చుట్టి ట్రాక్టర్ దగ్గర పడేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అతను ఒక్కో మూలకు ఒక్కో బెల్టు వేశాడు. ముందు వైపు రెండు, వెనక రెండు. బండి ఇనుప కడ్డీకి ఒక కొక్కెం, ట్రాలీ పక్క రేకు మీదుగా బయటి కొక్కేనికి ఇంకోటి. పిడి ఆడించాడు. బండి నాలుగు మూలలా కిందికి అణిగి కూర్చుంది. చేత్తో ఊపితే బండి, ట్రాలీ కలిసి ఊగాయి. ఏ పని చేసినా ఇంతే, వంక పెట్టడానికి ఉండదు.

ఒక్కచోట తప్ప. ట్రాలీ ఎడమ పక్క ముందు మూలన రేకు అంచు చిరిగి ఉంటుంది. ఒకసారి మట్టి పోస్తుంటే జేసీబీ బకెట్ తగిలి చిరిగింది. కొడవలి అంచులా ఉంటుంది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు, ఎందుకంటే ట్రాలీ నాది. ఏ లోడు కట్టినా ఆ అంచు మీద గోనె సంచి నాలుగు మడతలు పెట్టి, ఆ తరవాతే మోకు దాని మీదుగా లాగుతాను. ఆ సంచి ఎప్పుడూ నా సీటు కిందే ఉంటుంది. ఆ రోజు కూడా ఉంది. అతను వేసిన ముందు ఎడమ బెల్టు సరిగ్గా ఆ అంచు మీద, సంచి లేకుండా, బిర్రుగా బిగుసుకుని ఉంది.

నోరు తెరిచాను. ‘తమ్మీ, అక్కడ సంచి పెట్టాలె’ అంటే సరిపోయేది, నాలుగు మాటలు. అతను ‘అవునా అన్నా’ అని నవ్వి పెట్టేవాడు. నేను నోరు మూసుకున్నాను. తెగనీ అనుకున్నాను. వీడియోలో మా ట్రాలీ అంచు చూపించలేదు కదా, చూద్దాం అనుకున్నాను. నాలుగు బెల్టుల్లో ఒకటి పోతే మూడుంటాయి, బండి కొంచెం జరిగి ఎర్ర రంగు మీద ఒక గీత పడుతుంది, అంతే. ఆ గీత మామ చూడాలి. నాకు కావలసింది అదొక్కటే.

ట్రాక్టర్ ఎక్కబోతూ, “రా మామా, కాలు పెట్టిస్త” అని మడ్‌గార్డు దుమ్ము దులిపాను.

“ఎప్పుడు అదే గదా. ఇయ్యాల దీని మీద కూసుంట” అన్నాడు మామ.

మా దగ్గర లోడు మీద మనిషి కూర్చోవడం మామూలే. గడ్డి మీద, పత్తి మీద, బస్తాల మీద ఎవరో ఒకరు ఎక్కి కూర్చుంటారు. మనిషి కూర్చుంటే లోడు కదలదని పెద్దవాళ్ళ నమ్మకం. మామ వయసులో ఉన్నప్పటి నుంచీ అట్లా వచ్చినవాడే. చిన్నల్లుడు మాత్రం భయపడ్డాడు.

“వద్దు మామా, వీడియోల సుత ఎవ్వలు కూసోవద్దన్నరు.”

“కొత్త బండి ఉత్తగనే తీస్కపోతర? కూసోనియ్యిండ్రి” అని మామ వినలేదు. చిన్నల్లుడు నావైపు చూశాడు, నేను చెప్తే మామ వింటాడని. నేను వద్దంటే, ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలి. పైగా నా పక్కన కూర్చోనన్నాడు, నా మడ్‌గార్డు పాతదైపోయింది. “కూసోనీ తమ్మీ, సంబరం” అన్నాను. ఇద్దరం పట్టుకుని మామను ఆ ఎర్ర బండి మీద కూర్చోబెట్టాం.

నేను ముందు, తోడల్లుడు హెల్మెట్ పెట్టుకుని మోటర్ సైకిల్ మీద మా వెనక. కాజీపేట దాటి హనుమకొండలోకి వచ్చేసరికి రోడ్డు మీద జనమంతా మమ్మల్నే చూస్తున్నారు. వెనక లోడు కనబడాలని ట్రాక్టర్‌కు అద్దం పెట్టించుకున్నాను. ఆ అద్దంలో మామ రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని, తనే నడుపుతున్నట్టు వంగి కూర్చున్నాడు. సిగ్నల్ దగ్గర ఆటోలోని పిల్లలు చెయ్యి ఊపితే ఆయన కూడా ఊపాడు. నా పక్కన మడ్‌గార్డు ఖాళీగా ఉంది. పెళ్ళి ఊరేగింపుకు బండి తోలుతున్నట్టుంది నాకు, పెళ్ళికొడుకు ఇంకెవడో.

వరంగల్ దాటాక చాయ్ కొట్టు దగ్గర ఆపాం. “కొంచెం దూరం పోయినంక మళ్ల ఒకపారి చూస్కోవాలెనట” అంటూ తోడల్లుడు నాలుగు బెల్టులనూ వేలితో మీటి చూశాడు. అన్నీ బిర్రుగానే ఉన్నాయి. బెల్టు పైనుంచి బాగానే కనబడుతుంది, తెగేది అడుగున. అతను చాయ్ తేవడానికి పోయాక నేను వంగి చూశాను. మూడు వేళ్ళ వెడల్పులో ఒక వేలంత తెగి, దారాలు లేచి నిలబడ్డాయి.

అప్పుడైనా చెప్పాల్సింది. చెబుదామనే లేచాను. అంతలో చాయ్ కొట్టాయన మామను అడుగుతున్నాడు.

“ఏం బండే పెద్దాయనా గిది? ఎన్నడు సూడలె.”

“మా చిన్నల్లుడు కొనిచ్చిండు. ఇగ నా చేనుకు నేనే పోత, ఎవ్వలను బతిమిలాడే పని లేదు.”

“మరి గీయన?”

“గీయన ట్రాక్టర్ తోలెటాయన” అని మామ నవ్వాడు. హాస్యానికే అన్నాడు. చాయ్ కొట్టాయనకు అది హాస్యమని తెలియదు. ‘మా పెద్దల్లుడే’ అని ఒక మాట కలుపుతాడని చూశాను. మామ బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటున్నాడు.

బతిమిలాడే పని అన్నాడు. రెండేళ్ళు నన్ను ఒక్కసారైనా బతిమిలాడాడా? అడక్కుండానే పోలేదా నేను? చాయ్ సగం పారబోసి ట్రాక్టర్ ఎక్కాను. 

నెక్కొండ దారిలో రైలు పట్టాల మీదుగా ఒక బ్రిడ్జి ఉంది. ఎక్కుడు బాగా నిటారుగా ఉంటుంది. బస్తాల లోడుతో ఎన్నిసార్లు ఎక్కానో. దూరం నుంచి ఆ బ్రిడ్జి కనబడగానే వేగం తగ్గించాను. ఎక్కేటప్పుడు బండి బరువంతా వెనక్కి లాగుతుంది. ఆ లాగుడును ఆపేవి ముందున్న రెండు బెల్టులే. వాటిలో ఒకటి తెగుతోంది. అది తెగితే రెండోది ఒంటరిగా ఆపదు. వెనక తలుపు లేదు.

అద్దంలోకి చూశాను. మామ ఇప్పుడు నవ్వడం లేదు. ఎండకు తువ్వాల తల మీద వేసుకుని, ఒక చేత్తో మోకాలు రుద్దుకుంటూ, ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన వెనక, పది గజాల దూరంలో, లారీలకు దారిస్తూ చిన్నల్లుడు. అతనికి ఇద్దరు చిన్న పిల్లలు. అప్పటిదాకా నేను ఎర్ర రంగు మీద ఒక గీతను మాత్రమే ఊహించుకున్నాను. ఆ గీత కోసం ఇద్దరు మనుషులను ఇంత దూరం తెచ్చానని అప్పుడు తెలిసింది. 

బ్రిడ్జి మొదట్లో, ఎక్కుడు ఇంకా మొదలవకముందే, బండి పక్కకు తీసి ఆపాను. దూకి పరుగెత్తాను.

“దిగు మామా. దిగు, జల్ది దిగు.”

“ఏమైందిరా?” అన్నాడు మామ. అల్లుణ్ణయ్యాక నన్ను ‘రా’ అని పిలవడం అదే మొదటిసారి. చంకల కింద చేతులు వేసి ఎత్తి దించాను. తోడల్లుడు మోటర్ సైకిల్ పడేసి వచ్చాడు. నేను ఆ మూల చూపించాను. బెల్టు ఇంక చిటికెన వేలంత మిగిలింది. అతను కంగారుగా పిడి మీద చెయ్యి వేశాడో లేదో, టప్పుమని తెగి కొక్కెం నా చెవి పక్క నుంచి పోయింది. బండి ముందు భాగం ఒక్కసారి పైకి లేచింది, చక్రాలు జానెడు వెనక్కి జరిగాయి. 

“నాదే తప్పు. నేనే కట్టిన” అన్నాడు తోడల్లుడు. మొహంలో నెత్తురు లేదు.

మామ ట్రాలీకి ఆనుకుని నిలబడి, నావైపు చూశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

“చూసినవా చిన్నల్లుడా? ట్రాక్టర్ తోల్కుంట, ఎన్క బెల్టు తెగేది పట్టిండు. గీయన కన్ను అసొంటిది. నాకైతే, ఎక్కిచ్చేటప్పుడే అనుమానం వచ్చి ఉంటదనిపిస్తాంది. నిన్ను చిన్నబుచ్చొద్దని ఊకుండి, దారిపొంట అద్దంల చూస్కుంట తీస్కచ్చిండు. నేనే పక్కకుండమన్న, నాకు బుద్ధి లేక.”

ఇరవై ఏళ్ళుగా ఆ నోటి నుంచి ఇట్లాంటి మాట కోసం కాచుకుని ఉన్నాను. వచ్చిన రోజున అది వినలేక తల తిప్పుకున్నాను. కాదు మామా అనాలి. అనలేదు.

పని ఉంది కాబట్టి బతికాను. బండిని ముందుకు నెట్టి, సీటు కింది నుంచి గోనె సంచి తీశాను. తెగిన బెల్టు చోట నా మోకు వేద్దామని, తోడల్లుడిని సంచి పట్టుకోమన్నాను. నాలుగు మడతల మీద మోకు ఒరిసిన గాడి, రేకు అంచు తుప్పు మరక, రెండూ ఉన్నాయి. అంచు మీద పెట్టగానే మరక సరిగ్గా చిరుగు మీద కూర్చుంది. అతను సంచిని చూశాడు. అంచును చూశాడు. తరవాత నన్ను చూశాడు.  అతను చెప్పినట్టే, స్ప్రింగు సగం అణిగేదాకా మోకు లాగి కట్టాను. మామ ఈసారి నా పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. దారి పొడుగునా నా చెవిలో నన్ను పొగుడుతూనే ఉన్నాడు. ఇంజన్ చప్పుడు ఇంకొంచెం ఎక్కువ ఉంటే బాగుండుననిపించింది.

మామ ఇంటి దగ్గర అత్త, నా భార్య, ఆమె చెల్లెలు ఎదురు చూస్తున్నారు. బండి దించాక, వెనక నల్లా దగ్గర నేను కాళ్ళు కడుక్కుంటుంటే తోడల్లుడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“అన్నా, ఆ సంచి పొద్దుగాల సుత సీటు కిందనే ఉండె గదా.”

“ఉండె.”

“నీకు యాదికి లేకుండెనా?”

నాకు తప్పించుకునే దారి అతనే చూపిస్తున్నాడు. లేకుండె అంటే అయిపోయేది. ఎందుకో, ఆ ఒక్క అబద్ధం నోట రాలేదు.

“యాదికుండె” అన్నాను.

అతను నల్లా కట్టేశాడు.  “మామ కూసున్నడు గదన్నా దాని మీద” అన్నాడు.  నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. జేబురుమాలుతో మొహం తుడుచుకుని ఇంట్లోకి పోయాడు.

ఇక అయిపోయింది, లోపల అందరికీ చెప్పేస్తాడు అనుకుంటూ వెనకే పోయాను. గడప దాటేసరికి అతని మాట వినబడింది.

“అన్న బండి ఆపకపోతే ఇయ్యాల మామ లేడు, నేను లేను. తప్పంత నాదే. అన్నను కట్టనియ్యకుండ నేను కట్టిన.”

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. మరదలు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టింది. నా భార్య గోడకు ఆనుకుని నన్నే చూస్తోంది. చెల్లెలి ముందు ఆమె మొహం అట్లా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళు చెల్లెలి మొగుడి గొప్పలు నవ్వుతూ విన్న ఆమె కూడా ఎక్కడో ఒకచోట కుళ్ళుకుంటూనే ఉందని అప్పుడు తెలిసింది. ఆ వెలుగు ఆర్పే ధైర్యం నాకు లేకపోయింది. కూర్చుని, పెట్టింది తిన్నాను.

మామ ఇప్పుడు రోజూ తన బండి మీద తనే చేనుకు పోతున్నాడు. మొహానికి రంగొచ్చింది, తిండి సయిస్తోంది. ఇంటికి ఏ చుట్టం వచ్చినా ఆ బ్రిడ్జి దగ్గర కథ చెప్పిస్తాడు. “నువ్వే చెప్పు అల్లుడా, అద్దంల ఎట్ల కనిపెట్టినవ్?” అంటాడు. నేను మంచినీళ్ళు అడుగుతాను. తోడల్లుడు అక్కడ ఉంటే వెంటనే అందుకుని, తప్పంతా తన మీద వేసుకుని కథ పూర్తి చేస్తాడు. చెప్పినంతసేపూ నావైపు చూడడు. నాకు సిగ్గేస్తుందని చూడడు.

ఉద్యోగం చూసి, కారు చూసి ఏడ్చిన రోజులే నయం. అవి దేవుడు ఇస్తే నాకూ వచ్చేవే. ఇది రాదు. ఒక్కసారి, కోపంలోనైనా, ఎవరి ముందైనా అతను ఆ సంచి మాట ఎత్తుతాడని ఎదురు చూస్తున్నాను. ఎత్తితే, వీడూ నాలాంటివాడేనని ఆ రాత్రి హాయిగా నిద్రపోతాను. అతను ఎత్తడు.